బొటనవేలి కింద ఇంజను

పర్చూరు దగ్గర పత్తి మిల్లులో నేను గుమాస్తాగా ఉన్న రోజులవి, యాభై తొమ్మిదో, అరవయ్యో. ఇంజను డ్రైవరు సిలార్. పొద్దున్నే ఆయిలింజను తిప్పి, అది గాడిన పడగానే తలుపు దగ్గరగా వేసి వచ్చేసేవాడు. "దాని పని అది చేసుకుంటుందండీ. నా పనులు నాకుండవూ?" అనేవాడు. ఎదురుగా కోటిరత్నం టీ కొట్టులో కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. కుడికాలి బొటనవేలు మాత్రం ఇంజను దెబ్బకి ఒక దెబ్బ చొప్పున నేలని తడుతూ ఉండేది. అక్కడ ఇంజను తడబడితే ఇక్కడ వేలు ఆగేది, మనిషి పరిగెత్తేవాడు.

అతనికి బొత్తిగా చెవుడని కనిపెట్టింది నేనే. మన మాటలు పెదాలు చూసి పట్టేవాడు, ఇంజనుని నేలలోంచి పట్టేవాడు. కనిపెట్టినవాణ్ణి నోరు మూసుకోవచ్చుగా? గొప్ప కోసం యజమాని శ్రీమన్నారాయణగారి దగ్గర వాగేశాను.

"చెవిటివాడి చేతిలో పెట్టానా ఇంజను! ఇవాళ మధ్యాహ్నం నేనే వెళ్లి ఆపుతాను. వాడు లేవకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు. నువ్వు పక్కన కూర్చుని చూడు."

సిలార్ ఇంట్లో ఆ జీతం మీద ఏడుగురు తినాలి. మధ్యాహ్నం నేనూ టీ కొట్టుకి వెళ్లాను. ఇంజను ఆగగానే మోకాలితో పొడుద్దామని అతన్ని ఆనుకుని కూర్చున్నాను.

ఆగింది. రోడ్డంతా ఒక్కసారి చప్పబడిపోయింది. కోటిరత్నం గరిటె పట్టుకుని అటు చూసింది. సిలార్ వేలు మాత్రం తడుతూనే ఉంది. పొడిచాను.

"ఆగిపోయిందయ్యా, లే!"

నా పెదాలు చూసి నవ్వాడు. "లేదండీ. నడుస్తోంది."

అంతలో యజమాని పంచె ఎగదోపుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "ఒరేయ్ సిలారూ! నూనె కట్టేశాను, బెల్టు ఊడదీశాను. అయినా చక్రం తిరుగుతోందిరా! ఆపు నాయనా, ఆపు!"

తెరిచిన తలుపులోంచి మాకూ కనిపించింది. అంత ఇనపచక్రం, కొంచెమైనా చప్పుడు లేకుండా, వేలు తట్టినప్పుడల్లా ఒక చుట్టు.

సిలార్ పాదం మొత్తం నేలకి ఆనించాడు. చక్రం నిలిచిపోయింది.

ఆ తర్వాత అతని ఉద్యోగం ఊసెత్తిన మనిషి లేడు. యజమాని చెమట తుడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు.

నేను నేలచూపులు చూస్తూ గొణిగాను. "సిలారూ, ఆయనతో చెప్పింది..."

అతను నా గడ్డం పట్టుకుని పైకెత్తాడు. "తల వంచుకుని మాట్లాడితే నాకెలా తెలుస్తుంది గుమాస్తాగారూ?"

నేను పక్కనున్న గొడుగు తీసి అతని ముందు పెట్టాను. అతను గొడుగు అందుకున్నాడు. వేలు తట్టడం మొదలుపెట్టింది.

ఎదురుగా, ఎవరూ లేని గదిలో, చక్రం కదిలింది.