ఇద్దరు నెల్స్‌లు

ప్రతి మంగళవారం లైబ్రరీ తలుపు తీసేసరికి హుల్డా ట్వెట్ మెట్ల మీద నిలబడి ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కోటు విప్పకుండానే కూర్చుని పాత పత్రికలను ఫొటోలు తీసి దాచిన ఫిల్ము రీళ్ళు యంత్రంలో తిప్పుతుంది. తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంది. నార్వే నుంచి అమెరికా వచ్చి, డకోటా మైదానంలో మొదట నేల దున్నిన ట్వెట్ కుటుంబానికి ఊళ్ళో రాతిఫలకం పెడుతున్నారు. దాని మీద చెక్కే పేర్లు శుక్రవారానికల్లా ఆమె ఇవ్వాలి. మొన్న ఆ వేలు ఒకచోట ఆగిపోయింది. నెల్స్ ట్వెట్ అనే నాలుగేళ్ళ పిల్లవాడు 1888లో గొంతు జబ్బుతో పోయాడని ఉంది. నెల్స్ ఆమె తాత. ఎనభై ఏళ్ళు బతికి, ఆమెకు పాలు పితకడం నేర్పినవాడు.

"డార్లీన్, మా తాత నాలుగేళ్ళకే పోయాట్ట!"

"మరి మీరెక్కణ్ణుంచి ఊడిపడ్డారండీ?" అంటూ లైబ్రేరియన్ చర్చి రిజిస్టరు తెచ్చింది. మరుసటేడు అదే ఇంట్లో ఇంకో మగబిడ్డకు బాప్తిస్మం, అదే పేరు. "మన నార్వే వాళ్ళంతే కదా. పోయినవాడి పేరు తర్వాతివాడికి పెట్టేవాళ్ళు."

"ఒకే పేరు రెండుసార్లు రాస్తే, ఫలకం చెక్కేవాళ్ళు పొరపాటనుకుని ఒకటి కొట్టేస్తారేమో?"

"పక్కన వయసు రాయండి."

హుల్డా రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. చివరికి పిల్లవాడి పేరు తాత పేరుకు పైన పెట్టి, పక్కన నాలుగేళ్ళు అని రాసింది.

"అయితే డార్లీన్, ఈ నాలుగేళ్ళవాణ్ణి నేను పెద్దతాత అనాలా?"