కప్పు కింద నిలబడిన రోజు

ఈ రోజు తెల్లవారుజామున మొదలుపెట్టి మా మనవడు ఒక ఇంటికి స్లాబు పోయించాడు. మా అరవనాటి ధర్మపురిలో వాడు సొంతంగా ఒప్పుకున్న మొదటి ఇల్లు అది. మధ్యాహ్నం మజ్జిగ చెంబు పట్టుకొని నేను పోయేసరికి వత్తల్‌మలై కొండ మీద మబ్బు నల్లగా కమ్ముకొని ఉంది. వాడేమో ఇసుక కుప్ప మీద కూర్చొని ఫోనులోకి చూస్తున్నాడు. వాన వస్తుందో రాదో అందులో చెబుతుందట. ఒకచోట వస్తుందని ఉంటే ఇంకోచోట చూశాడు, అక్కడా వస్తుందనే ఉంటే మరోచోట వెతికి, మొహం విప్పార్చుకొని, "తాతా, చూడు, దీంట్లో మళై లేదంట!" అని వానను అరవంలోనే అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకనే గుండెల్లో పాత దడ ఒకటి లేచింది. ఒకప్పుడు నేను కూడా సరిగ్గా ఇదే పని చేశాను, ఫోనుతో కాదు, దేవుడి పుస్తకంతో.

ఈ ఊళ్లో సగం ఇళ్ల కప్పులు నా చేతి మీదుగా లేచినవేనని మీరు ఎక్కడైనా విని ఉంటే, ఆ మాట పుట్టించినవాణ్ణి నేనే. సగం ఊరు కాదు, సగం వీధి; అందులోనూ కొన్ని పశువుల కొట్టాలు. కాని మేస్త్రీ పని నేర్చుకున్న మాట మాత్రం నిజం, నేర్పింది మా మేనమామ. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. స్లాబు గట్టిపడేదాకా దాన్ని కింద నుంచి మోసే సెంట్రింగు కట్టెలను విప్పే రోజున, ఆఖరి కట్టె తీసేటప్పుడు, ఆ స్లాబు పోసిన మేస్త్రీ గది నడుమ నిలబడాలి. నిలబడే ధైర్యం లేనివాడు తాపీ కింద పెట్టి ఇంటికి పోవచ్చు.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు, నన్నూ అక్కనూ పెంచింది అమ్మే. మా ఇళ్లలో నోటికి తెలుగే గాని కంటికి తెలుగు అక్షరం కనబడేది కాదు, చదివినవాళ్లంతా అరవమే చదివారు. అమ్మ ఒక్కతే పుట్టింటి నుంచి తెచ్చుకున్న పురాణాన్ని పొద్దున్నే ఒక పుట చదివి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది. నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడానికి వేరే ఉపాయం తోచక నాకూ ఆ అక్షరాలు నేర్పింది. నాకు చదువు మీద భక్తి ఉండేదని ఇక్కడ రాద్దామనుకున్నాను గాని, చదువు అయ్యాక ఇచ్చే బెల్లం ముక్క మీదే ఉండేది.

అక్కను బొమ్మిడిలో ఇచ్చాము. బావ ఎనుములను మేపి పాలు పోసేవాడు. స్టేషను దగ్గర వాళ్ల పూరిల్లు పీకేసి గట్టి ఇల్లు లేపుతుంటే, అది పూర్తయ్యేదాకా అక్క చంటిబిడ్డతో ఎనుముల కొట్టంలోనే కాపురం చేసేది, తోడుగా అమ్మ వచ్చి ఉండేది. ఆ ఇంటి స్లాబును మామ నా చేతిలో పెట్టాడు. నేను మేస్త్రీగా పోసిన మొదటి స్లాబు అదే.

ఆఖరి బాండ్లీ కాంక్రీటు పరిచి నడుము ఎత్తానో లేదో వాన దిగింది, చినుకులతో మొదలైన వాన కాదు, ఒక్కసారిగా కుండపోత. చాపలు, గోతాలు, అక్క పాత చీరలు, ఏది దొరికితే అది కప్పారు. అంత వానలో నేనొక్కణ్ణే పైన నిలబడి స్లాబును కాపాడానని చాలా పెళ్లిళ్లలో, పంక్తి భోజనాల దగ్గర చెప్పుకున్నాను. పైన ఉన్నది మామ, కూలికి వచ్చిన ఆడవాళ్లు. నేను కిందికి దిగిపోయి, నిచ్చెన మొదట్లో నిలబడి, గోడ మీదుగా జారుతున్న బూడిదరంగు నీళ్లను చూస్తూ, అందులో పోతున్నది నా సిమెంటే గదా అని కదలలేకపోయాను.

మరునాడు మామ తాపీ మొనతో పైన గీకి చూసి, "పైపొర కొట్టుకపోయిందిరా. లోపల ఎట్లుండేదీ కట్టెలు తీస్తేనే తెలిసేది" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత స్లాబు మీద మడులు కట్టి రోజూ నీళ్లు నింపడం, కిందికి దిగి ఎక్కడైనా చెమ్మ ఊరుతోందా అని సెంట్రింగు పలకల సందుల్లో తడమడం, ఇదే నా లోకం. సేలం లైనులో రైలు వచ్చినప్పుడల్లా నేల సన్నగా అదిరేది, అదిరినప్పుడల్లా నేను తలెత్తి కప్పు వైపు చూసేవాణ్ణి. నేను నలిగి చచ్చేది సరే, అక్క చంటిబిడ్డను పక్కలో వేసుకొని ఏళ్ల తరబడి పడుకోవలసింది ఆ కప్పు కిందనే. బావ మంచివాడే గాని నోరు ఊరుకోదు. "ఏమి మేస్త్రీ, నా ఎనుములను ఇంట్లో కట్టి నీ అక్కను కొట్టంలోనే ఉంచేదా? ఎనుము పోతే ఇంకోటి తెచ్చుకుంటాను" అని పాలకుండలు కడుగుతూ అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి, అన్నం మాత్రం దిగేది కాదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఏదీ తోచనప్పుడు కళ్లు మూసుకొని పురాణం తెరిచి, వేలు పడినచోట ఉన్నదాన్ని దేవుడి మాటగా తీసుకోవడం ఒక అలవాటు. అమ్మ నీళ్లకు పోయిన సమయం చూసి నేనూ తెరిచాను. తెరవగానే స్వామి కొండను గొడుగులా ఎత్తిపట్టిన ఘట్టం వచ్చిందని నేను ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. అది అబద్ధం. మొదట వచ్చింది రాక్షసుల కోట కూలడం. గబుక్కున మూసి మళ్లీ తెరిస్తే, మొగుడు పోయిన ఒక రాణి ఏడుపు. మళ్లీ తెరిస్తే, రేపల్లె మీద ఆకాశం చిల్లిపడినట్టు వాన. వాన అన్న మాట చూడగానే చెయ్యి కాలినట్టు మూసేసి, ఇంకా తిప్పి తిప్పి, చివరికి ఎవరిదో పెళ్లి విందు దగ్గర వేలు పడితే, అదే దేవుడి జవాబని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

తలెత్తితే వాకిట్లో అమ్మ, చంకన బిందెతో.

"ఏమిరా, దేవునితోనే దొంగాటా? నీకు నచ్చింది చెప్పేదాకా అడుగుతావా ఆయన్ను?"

ఆమె బిందె దించి, చేతులు తుడుచుకొని, పుస్తకంలో ఆ వాన ఉన్న పుట తీసి నా ముందు పెట్టింది.

"వాన కాడ మూసేస్తివే, వాన తరువాత ఏముందో సదువు."

చదివాను. వానకు చలికి వణికే గొల్లలను, వాళ్ల పిల్లలను, ఆవులను స్వామి ఎత్తిన కొండ కిందికి రమ్మంటాడు. ఇంత పిల్లవాడు అంత కొండను మోయగలడా అని వాళ్లు జంకుతారు. అక్కడ అమ్మ నన్ను ఆపి, "రమ్మని దూరంగా నిలబడి పిలవలేదురా, ఆయనా కిందనే ఉండాడు" అంది. "ఇది శకునం అడిగేదానికి కాదు. దినమూ ఆయన పక్కన కూచునేదానికి." ఆ రోజు నుంచి కట్టెలు విప్పేదాకా, స్లాబుకు నీళ్లు పెట్టే ముందు, నిన్న ఆపినచోటి నుంచి ఒక పుట అమ్మ పక్కన కూర్చొని చదివాను. భయం పోయిందని చెబితే మీరు నమ్ముతారేమో గాని, పోలేదు. రైలు వస్తే గుండె అదురుతూనే ఉంది. కాకపోతే ఆ అదురులో నేనొక్కణ్ణే ఉన్నట్టు అనిపించడం మానేసింది.

విప్పే రోజు వచ్చింది. ఒక్కొక్క కట్టే తీసి బయట పడేశారు. గది నడుమ ఆఖరిది మిగిలింది. మామ సుత్తి పట్టుకొని నా వైపు చూశాడు. నేను పోయి నిలబడ్డాను. అప్పుడు వాకిట్లో కలకలం, చూస్తే అమ్మ కొంగు బిగించుకొని లోపలికి వస్తోంది.

"అమ్మా, నువ్వు బయటికి పో!"

"నీ పని నువ్వు చూసుకోరా" అని వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

మామ సుత్తి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే దూరంగా రైలు కూత వినిపించింది. నేను కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడింది, కట్టె ఒరిగింది, నెత్తి మీద ఇసుక రాలింది, కాళ్ల కింద నేల అదిరింది, రైలు పోతూనే ఉంది, పోతూనే ఉంది. అది పోయాక మామ సుత్తితో స్లాబును కొట్టి చూశాడు. ఖంగుమంది, లోపల గుల్ల లేదు. బయటి నుంచి బావ గొంతు, "ఇంగ ఎనుములను తోలుకొని రానా?" అక్క బిడ్డను ఎత్తుకొని నవ్వుతూ ఏడ్చింది.

ఆ రోజు మా అమ్మ రాయిలా నిలబడి, కంఠం చెదరకుండా పురాణం వల్లించిందని మా పిల్లలకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఇక దాచి ఏం లాభం. ఆమె ఒక్క ముక్క పలకలేదు. నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి నా చెయ్యి కంటే ఎక్కువ వణికింది, చెమటకు జారిపోతుంటే ఇంకా గట్టిగా పట్టుకుంది. సాయంత్రం నేను అడిగాను, అంత భయముంటే ఎందుకు వచ్చినావని. పొయ్యి ఊదుతూ, మొహం కూడా తిప్పకుండా చెప్పింది: "నువ్వు లోపల ఉంటివి గదా."

దేవుడు ఎలా ఉంటాడో అప్పటిదాకా పుస్తకంలో చదివాను. ఆ రోజు నా చెయ్యి పట్టుకొని వణికాడు.

ఇప్పుడు కట్టెల బదులు ఇనుప జాకీలు వచ్చాయి, కాంక్రీటు లారీలో కలిపి తెస్తున్నారు, దాంతోనే చిన్న దిమ్మెలు పోసి మిషనులో నలిపి బలం చూస్తున్నారు. విప్పేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదట, తాడు కట్టి దూరంగా నిలబెడతారు. మంచిదే, ఏ తల్లీ లోపలికి రావలసిన పని లేదు. కాని ఇసుక కుప్ప మీద కూర్చున్న మనవడి పక్కన నేనూ కూర్చొని, వాడి చెయ్యి పట్టుకుందామని చూస్తే, ఆ చేతిలో ఫోనుంది. ఎవరి భయం వాళ్ల అరచేతిలో విడివిడిగా వెలుగుతోంది. మా అమ్మ పుస్తకాన్ని వాడు చదవలేడు, వాడికి ఆ అక్షరాలు నేర్పాలని నాకూ తోచలేదు.

మొదటి చినుకు మజ్జిగ చెంబు మీద పడింది. వాడు పరుగెత్తి టార్పాలిన్లు కప్పించి, తిరిగి వచ్చి మళ్లీ ఫోను తీశాడు. అందులో వాన వరకే ఉంది. వాన తరువాత ఏముందో చెబుదామని, వాడు వింటున్నాడో లేదో చూడకుండా, అమ్మ చదివించిన ఆ పుటను నాకు నోటికి వచ్చినంతవరకు వల్లించడం మొదలుపెట్టాను.