అంచుల్లోని బల్లి

ఆ పుస్తకాలు మా ఇంటికి రెండు గోనెసంచుల్లో వచ్చాయి. అన్నీ పిల్లల్ని నవ్వించే బొమ్మల పుస్తకాలే. పేజీ నిండా బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు. కిరీటం పెద్దదై కళ్లమీదికి జారిపోయే రాజు, కళ్లద్దాలు పెట్టుకున్న గాడిద, గోడ ఎక్కుతూ పంచె కొక్కేనికి తగులుకున్న దొంగ.

తొంభైల మొదట్లో సంగతి. నాకు పదిహేడేళ్లు. మేం తార్నాకలో ఒక సందులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న యూనివర్సిటీలో పుస్తకాలు బైండింగ్ చేసేవాడు, ఇంటికొచ్చాక బయటి పని కూడా చేసేవాడు. చిన్నప్పుడు జబ్బుచేసి నేను బడి మానేశాక నాకు చదువు చెప్పింది ఆయనే, బైండింగుకు వచ్చిన పుస్తకాలతోనే. ఏ వారం ఏది వస్తే అదే పాఠం. ఒక వారం చెట్ల గురించి, ఒక వారం కోటల గురించి. పుస్తకం తిరిగి వెళ్లిపోతే పాఠం సగంలో ఆగేది. అంత చదువు ఇంట్లోనే దొరకడం దేవుడి దయ అనే అనుకుంటాను.

"క్వార్టర్స్‌ల ఒక సార్ ఇచ్చిండు," అన్నాడు నాన్న సంచులు దించి. "వాళ్ల పిల్ల పెద్దగైంది గావచ్చు. ఎవలన్న పిల్లలకు ఇయ్యిమన్నడు. మన చర్చిల సండే స్కూల్‌కు పెడదాం. మంచిగ సాఫ్ చెయ్యి బిడ్డా."

సాఫ్ చేయడం నా పని. తుప్పుపట్టిన పిన్నులు పీకి, చిరిగినచోట పల్చటి కాగితం అంటించి, పెన్సిల్ గీతలన్నీ రబ్బరుతో చెరపాలి. తర్వాత నాన్న దారంతో కుట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా గంజితో అట్ట అంటించి, మూడు వైపులా అంచులు సమంగా కోసేవాడు. పెన్సిల్ గీతలున్న పుస్తకం కడగని పళ్లెం లెక్క అనేవాడు.

ఆ పుస్తకాల్లో ప్రతి కథలోనూ, ఏదో ఒక పేజీ అంచులో, పెన్సిల్‌తో గీసిన ఒక బల్లి ఉండేది. వేలెడంత బల్లి, పెద్ద కళ్లు, నోటి పక్కన మాటలు. కథలో జరిగేదంతా చూస్తూ ఏదో ఒకటి అనేది. "నా రాజ్యంలో సుఖంగా లేనివాడెవడు?" అని రాజు అడిగితే, పై మూల నుంచి బల్లి, "నేను. ట్యూబ్‌లైట్ పోయింది," అనేది. గోడ ఎక్కుతున్న దొంగను చూసి, "కొత్తగా నేర్చుకుంటున్నావా?" అనేది. పెళ్లి విందు బొమ్మలో పైకప్పుకు తలకిందులుగా వేలాడుతూ, "మీమీద పడితే దోషం మీకంటారు. దెబ్బ తగిలేది నాకు," అనేది.

ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. నవ్వుకుంటూనే చెరిపాను. ఒక్కొక్కటీ రెండుసార్లు చదివి, రుద్ది, ఆ పొట్టును నోటితో ఊదేశాను. దేవుని మందిరంలో పెట్టేవి కదా, మచ్చ ఉండకూడదనుకున్నాను.

పుస్తకాలు చర్చికి చేరిన నెలకు ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నూలుచీర, చేతిలో మేం చర్చికిచ్చిన పుస్తకాల్లో ఒకటి. ఆ సార్ భార్యనని చెప్పింది. పుట్టింట్లో ఉండి వచ్చేసరికి పుస్తకాల అల్మారా ఖాళీగా ఉందట.

"సారే ఇచ్చిండమ్మా, నేను అడగలే," అన్నాడు నాన్న లేచి నిలబడి.

"తెలుసు. ఆయన చూడలేక ఇచ్చేశారు." ఆమె పేజీలు తిప్పుతూనే ఉంది. "మా అమ్మాయి పోయింది. పదేళ్లు. ఇందులో అది గీసిన బల్లి ఉండాలి. ఏదీ?"

నాన్నకు అర్థం కాలేదు. మురిపెంగా నావైపు చూపించాడు. "మా బిడ్డ సాఫ్ చేసిందమ్మా. ఒక్క గీత లేకుండ చేసింది."

ఆమె నన్ను చూసింది. తర్వాత బొమ్మ పక్కన కాగితం ఆగిపోయిన చోట వేలు పెట్టింది. గీత చెరిగినా నొక్కు మిగులుతుంది. ఆ నొక్కున్న అంచును కూడా నాన్న కోసేశాడు.

ఇంక నేను ఊరుకోలేకపోయాను. "అన్నీ నాకు యాదికున్నయి ఆంటీ," అన్నాను.

అప్పటినుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం క్యాంపస్ చెట్లకింద నడుచుకుంటూ వాళ్ల క్వార్టర్‌కు వెళ్లేదాన్ని. ఆమె ఉప్మా పెట్టేది. పొడుగు నోట్‌బుక్ తెరిచి కూర్చునేది. నేను కళ్లు మూసుకుని పుస్తకం పుస్తకంగా చెప్పేదాన్ని: ఏ బొమ్మ, బల్లి ఏ మూలన, ఏమన్నది. ఆమె గుండ్రటి అక్షరాలతో రాసుకునేది. మూడు వారాలు గడిచాయి. నాలుగో వారం నాదగ్గర ఏమీ మిగల్లేదు.

ఆమె పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"గాడిద పేపర్ చదువుతది కదా ఆంటీ, ఆ పేజీల," అన్నాను. "బల్లి దాని భుజంమీద కూసొని, నడిమి పేజీ ఇటియ్యన్నా అంటది."

ఆమె నవ్వింది. నేను చూడగా మొదటిసారి నోరు విప్పి నవ్వింది. "అచ్చం ఇంతే! వాళ్ల నాన్నతో రోజూ ఇదే పేచీ," అంది. అది నేను నడుస్తూ నడుస్తూ కల్పించిన మాట.

తర్వాతి వారాల్లో ఇంకొన్ని. ఒకరోజు, రాజు స్నానాలగదిలో జారిపడే పేజీ చెప్పాను. బల్లికి సగం తోకే ఉంది, చివర చిన్న కట్టు. "తోక తెగింది. అమ్మకు చెప్పకండి, మళ్లీ మొలుస్తుంది," అంటోంది.

ఆమె పెన్ను ఆగిపోయింది.

"నొప్పి ఉందా అని రోజూ అడిగేదాన్ని. లేదమ్మా, లేదమ్మా అనేది," అంది. "అంటే దానికి తెలుసు. నేను ఏడుస్తానని దాచింది."

మరుసటి శనివారం తలుపు తీసింది సార్. అప్పటిదాకా ఆయన్ను నేను చూడనేలేదు. "రామ్మా," అని పక్కకు తప్పుకున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరితో ఒకరు బిడ్డ మాట ఎత్తింది ఆ తోక పేజీ తర్వాతేనట. ఆ మాట ఆమె నాకు చెప్తూ నా చెయ్యి పట్టుకుంది.

నా బైబిల్ తెరిస్తే అంచుల్లో తెల్లగా ఉన్నచోటల్లా బల్లి ఉన్నట్టే అనిపించేది. మా గోడమీద నిజం బల్లి కనిపించినా కళ్లు దించుకునేదాన్ని. నా బల్లి ఏమీ అనేది కాదు. దాని మాటలన్నీ నేనే అనేస్తున్నాను కదా. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం నాడు రొట్టె నా దగ్గరికి వస్తే, తప్పు మనసులో పెట్టుకుని తీసుకోకూడదని తల అడ్డంగా ఊపాను. ఇంటికొచ్చాక నాన్న అడిగాడు. అంతా చెప్పాను.

"పొయ్యి చెప్పు బిడ్డా," అన్నాడు. "వాళ్ల పిల్ల పేరు మీద వాళ్లు రాస్కుంటున్నరు. అండ్ల నీ మాటలు రాయిపిస్తవా?"

వెళ్లి చెప్పాను. కొన్ని నేను కల్పించినవని, ఆమె నవ్వు ఆగిపోతుందని భయపడి చెప్పానని. ఆమె తిట్టలేదు. లోపలికి వెళ్లి నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది.

"నీవి కొట్టేయి," అంది.

గాడిద పేపర్ కొట్టేశాను. పులికి గడ్డం గీసే మంగలి దగ్గరిది కొట్టేశాను. ఇంకో రెండు. నేను గీత గీసినప్పుడల్లా ఆమె కళ్లు దానివెంటే నడిచాయి. తోక పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది.

"ఇది?" అంది.

కళ్లు మూసుకున్నాను. రబ్బరు కింద సగం తోక చెరిగిపోతూ కనిపించింది. నిజమే అనబోయాను. కానీ గాడిద పేపర్ తలచుకుంటే అది కూడా రబ్బరు కింద అట్లాగే చెరుగుతూ కనిపించింది. చెప్పి చెప్పి నిజానికీ కల్పనకూ ఒకే తీరు జ్ఞాపకం తయారైంది.

"తెల్వదు ఆంటీ."

"బాగా ఆలోచించు."

"తెల్వదు."

"ఉందను. లేకపోతే లేదను," అంది. ఆ గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. "ఏదో ఒకటి అనమ్మా. నేనింక ఏమీ అడగను."

ఏదంటే అది ఆమె నమ్మేసేది. దేవునికి భయపడి నోరు మూసుకున్నాను. బయట సైకిల్‌మీద ఎవరో కూరగాయలని అరుచుకుంటూ వెళ్లారు. ఆమె పెన్ను మూత పెట్టింది.

నన్ను గుమ్మందాకా సాగనంపింది. "వచ్చి చెప్పావు, మంచిదే," అంది. "ఇంక రాకు." మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "ఏ పుస్తకం అది?" అంది.

"రాజు స్నానం చేసేది. ఎర్ర అట్ట."

తర్వాతి ఆదివారం సండే స్కూల్ షెల్ఫులో ఎర్ర అట్ట పుస్తకం లేదు. దాని చోట కొత్తది, అంగట్లోంచి తెచ్చిన వాసన పోనిది, ఇంకో నవ్వుల పుస్తకం ఉంది. ఒక మేడమ్ వచ్చి అడిగి మార్చుకుపోయిందని టీచరమ్మ చెప్పింది. పిల్లలు అప్పటికే కొత్తదానిమీద పడి నవ్వుతున్నారు.

ఆ దశాబ్దమంతా క్యాంపస్‌లో ఆమె నాకు అప్పుడప్పుడు ఎదురుపడేది. "బాగున్నావా," అని అడిగేది. "దేవుని దయ ఆంటీ," అనేదాన్ని. ఎర్ర అట్ట పుస్తకంలో ఆ పేజీ దగ్గర కాగితం బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతుంది, నొక్కు వెతకడానికి చోటే లేదు, నాకు తెలుసు. ఆమె దాన్ని ఎన్నిసార్లు తెరిచి ఉంటుందో, ఏం చూసి మూసి ఉంటుందో అడగడానికి నాకెప్పుడూ నోరు రాలేదు.