పెద్దమ్మ వదిలేసిన మాట

తాను “బల్లి” అంటే, నోరు విప్పని తాపీమేస్త్రీ కూతురి చేత ప్రాస కలిపి “పిల్లి” అనిపించడమే బాలబడి పెద్దమ్మ మొదటి ఘనత. అందుకు ఏడాది పట్టింది. “ఏడాది పట్టిందని గొప్పలు పోయేది నువ్వొక్కదానివే వదినా” అని ఆయా దెప్పుతుంది. తాను చదివింది పల్లెబడిలో అయిదే అయినా, తన చేతికింద నోరు తిరగని పిల్ల లేదంటుంది పెద్దమ్మ. పాట ఎత్తుకుని, తొడమీద తాళం వేస్తూ, చివరి మాట దగ్గర ఠక్కున ఆగుతుంది. ఆ మాట పిల్లలే అందుకోవాలి. ఈమధ్య మెడకు గుడ్డ చుట్టుకుని వస్తోంది. గొంతులో గడ్డ ఉందని, కోసి తీసేస్తే ఇక మాట రాదని డాక్టరు చెప్పిన సంగతి ఆయాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో చేరబోయే ముందురోజు కూడా వచ్చి, “చెట్టు మీద పిట్ట” అని ఎత్తుకుంది. ఆగవలసిన చోటు ఇంకా రాకముందే గొంతు పూడుకుపోయింది. పెదవులు కదిలాయి గానీ శబ్దం లేదు. పిల్లలు అదీ ఆటే అనుకుని, “అవ్వ చేతిలో బుట్ట” అని ఒక్క గొంతుతో అందుకున్నారు. పెద్దమ్మ తాళం ఆపకుండా తలూపింది.

“మళ్లీ ఎప్పుడొచ్చి పాడతావు పెద్దమ్మా?” అని ఒక పిల్ల కొంగు పట్టుకుంది. ఆమె సుద్దముక్కతో బోర్డుమీద ఒక తేదీ, “వస్తాను” అన్న మాట మాత్రమే రాసింది. ఆయా పిల్లలకు చదివి వినిపించింది: “బడి తెరిచే రోజు, జూన్ పన్నెండున వస్తుందర్రా.”