తొట్టిలో చేపలకు బొరుగులు

దోమలు పెరగకుండా పెరట్లో సిమెంటు తొట్టిలో చేపపిల్లలు వేసుకున్నాం. ఈ రోజు మధ్యాహ్నం ప్రొద్దుటూరు ఎండకు అవన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మా అమ్మ చూసింది. "పాపం, ఆకలైతాండాదేమో" అని గుప్పెడు బొరుగులు చల్లింది. అవి ముట్టలేదు. నేను ఇంకో గుప్పెడు వేశాను.

ఒంటిపూట బడి ముగించుకొని వచ్చిన నా భార్య తొట్టిలో చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

"ఏంది అత్తా, నీళ్లు కాలిపోతాండాయి! వేడి నీళ్లలో గాలి తగ్గిపోతాది, వాటికేమో ఇంకా ఎక్కువ కావాల. ఊపిరాడక తెరిచినాయి నోళ్లు, ఆకలికి కాదు."

అప్పటికే కొన్ని వెల్లకిలా తేలాయి. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. "పైన ఒక గోనెసంచి కప్పింటే బతికుండేవి" అని అమ్మ ఇంకా అంటూనే ఉంది.

మా ఇంట్లో ఎవరు నోరు తెరిచినా తిండే పెడతాం. మీరైతే ముందు నీళ్లలో చెయ్యి పెట్టి చూసేవారా?