మామూ చుక్కాని, నా తెల్ల డబ్బా

పడవను ముంచినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. నీటిచుక్క తగలకముందే, తిరువూరులో, రేకుల షెడ్డు కింద, పడవ చుక్కానిని ముంచిన ఘనుణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను, నవ్వుకోండి. మధ్యలో ఎక్కడైనా నా గొంతు తగ్గితే ఏమీ అనుకోకండి, అది కూడా కథలో భాగమే.

మాది ఫైబర్ షెడ్డు. గాజుపీచు గుడ్డ మీద రెజిన్ అనే జిగురు పూస్తే గట్టిపడి ఏది తయారవుతుందో అదల్లా చేస్తాం. కూలర్ తొట్లు, ట్రాక్టర్ టాపులు, బాత్రూం తలుపులు. షెడ్డు మా అమ్మ తమ్ముడు ఖాదర్‌ది. నాకు మామూ, ఊరికి ఖాదర్ మేస్త్రి. నాకు పని నేర్పింది ఆయనే. నేర్చుకోనిది నేను.

అప్పటికి రెండేళ్లుగా మామూ చేతులు వణుకుతున్నాయి. నరాల జబ్బు, పెరగడమే గానీ తరగదని డాక్టరు చెప్పాడు. టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ చొక్కా తాగేది. షెడ్డు నాకు అప్పజెప్పి ఇంట్లో కూర్చుందామని ఆయన అనుకుంటున్న రోజుల్లో పెనుగొలను నుంచి కోటేశ్వరరావు గారు వచ్చారు.

ఆయన నేవీలో చేసి రిటైరై, మామిడితోటలో షెడ్డు వేసుకుని సొంతంగా తెరచాప పడవ కడుతున్నారు. పెనుగొలనులో పడవేమిటని మీరు అడుగుతారు. ఊళ్లో అందరూ అడిగారు. "పూర్తయ్యాక లారీ మీద కృష్ణకు తీసుకెళ్తానండి" అని అందరికీ ఒకే ఓపికతో చెప్పేవారు.

"రెండు చుక్కానులు కావాలి మేస్త్రి గారూ," అన్నారు మామూతో. "గాలికి పడవ ఒరుగుతుంది కదా. కుడికి ఒరిగితే ఎడమ చుక్కాని నీళ్లలోంచి లేచిపోతుంది, కుడిది పనిచేస్తుంది. ఎడమకి ఒరిగితే రెండోది. లోపల ఫోమ్, పైన ఫైబర్. నున్నగా, చేపలా ఉండాలి."

నేను కుదరదని చెప్పబోయాను. మామూ నీలంరంగు ఫోమ్ పలక మీద అరచెయ్యి వేసి, "చేస్తానండి" అన్నాడు.

తర్వాత జరిగింది నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. టీ గ్లాసు పట్టుకోలేని చెయ్యి, గరుకు కాగితం పట్టుకుని ఫోమ్ మీద ఆనిందంటే వణుకు ఆగిపోయేది. ఎక్కువసేపు కాదు, ఓ పావుగంట. తర్వాత మళ్లీ మొదలయ్యేది. ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, అది తగ్గాక మళ్లీ అందుకునేవాడు. అలా పావుగంటలు పోగుచేసి నెలన్నరలో రెండు చుక్కానుల ఫోమ్ చెక్కాడు. ఇక జన్మలో ఇంకొకటి చెక్కలేనని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. కొత్త సరుకు మీద రెజిన్ పోసేముందు, తుంచిన ముక్క మీద ఒక్క చుక్క వేసి, ఒక టీ తాగి, ఆ చుక్క ఏం చేసిందో చూసి, అప్పుడు పని మొదలుపెట్టాలి. మామూ వాళ్ల ఉస్తాద్ దగ్గర్నుంచి వస్తున్న పద్ధతి. నా దృష్టిలో అది టీ తాగడానికి పెద్దవాళ్లు కనిపెట్టిన సాకు.

మొదటి చుక్కానికి గురువారం మేమిద్దరం కలిసి నీలం డబ్బాలోని ఖరీదైన రెజిన్ పూశాం. అద్దంలా వచ్చింది. డబ్బా అయిపోయింది. మళ్లీ కావాలంటే విజయవాడ వెళ్లాలి. శుక్రవారం మామూ జుమ్మా నమాజుకు బయల్దేరుతూ, "నమాజయ్యాక అటునుంచటే గంపలగూడెం పోతున్నా, అమ్మాయి దగ్గరికి. సోమవారం వస్తా. రెండోది ముట్టుకోకు" అన్నాడు.

"ముట్టుకోను మామూ."

"నువ్వు నమాజుకి రావా?"

"తల నొప్పిగా ఉంది."

తల నొప్పి లేదు, తలలో ఐడియా ఉంది. మామూ వచ్చేసరికి రెండోది కూడా పూర్తి చేసి చూపించాలి, ఆయన నా భుజం తట్టాలి. నీలం డబ్బా లేకపోతేనేం, కూలర్ తొట్లకు వాడే తెల్ల డబ్బా నిండుగా ఉంది. రెజిన్ రెజినే కదా అనుకున్నాను. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. విషం తెల్ల డబ్బాలో ఉంటుందని మాత్రం చెప్పలేదు.

చుక్క వేయలేదు. గుడ్డ పరిచి ఒకేసారి మగ్గుతో పోశాను. పోసి, టీ తెప్పించుకుని, నా పనితనాన్ని చూసుకుంటూ తాగుతున్నాను. మధ్యలో ఒకచోట చిన్న గుంట పడింది. గాలి చేరిందనుకుని రోలర్‌తో నొక్కాను. గుంట పెద్దదైంది. రెజిన్ తక్కువైందనుకుని ఇంకో మగ్గు పోశాను. అవును, మీరు చదివింది నిజమే, ఇంకో మగ్గు పోశాను. అప్పుడు చుక్కాని మొత్తం వేడన్నంలో వెన్నముద్దలా లోపలికి దిగిపోవడం మొదలుపెట్టింది. గుడ్డ ఎత్తి చూస్తే కింద ఫోమ్ లేదు, నీలంరంగు పాకం ఉంది. తెల్ల డబ్బా రెజిన్ ఫోమ్‌ను తినేస్తుందని ఆ క్షణాన నేర్చుకున్నాను. ఒక్క చుక్క వేసి ఉంటే టీ అయ్యేలోపు అదే చెప్పేది.

నెలన్నర పావుగంటల్లో సగం ఒక టీలో కరిగిపోయాయి. ఆ పాకంలో చేతులు పెట్టి దేవులాడాను. ఏం దొరుకుతుందని వెతికానో ఇప్పటికీ చెప్పలేను.

బుద్ధున్నవాడైతే గంపలగూడెం ఫోన్ చేసేవాడు. నేను పక్కనే పెళ్లి స్టేజీల డెకరేషన్ చేసే శ్రీను దగ్గరికి పరిగెత్తాను.

"థర్మోకోల్ కావాలి శ్రీనన్నా."

"పెళ్లెవరికి?"

"పడవకి."

శ్రీను నన్ను కిందికీ పైకీ చూసి, ఏమీ అడక్కుండా పాత పలకలు నాలుగు ఇచ్చాడు. ఒకదాని మీద బంగారు రంగులో 'వెడ్స్' అని ఉంది. అటూ ఇటూ పేర్లు ఊడిపోయాయి. వాటిని అతికించి, రంపంతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, శనివారం విజయవాడ పోయి నీలం డబ్బా తెచ్చి, ఆదివారం పూసి, ఆరబెట్టి, సోమవారం పొద్దున్నే రంగు కూడా వేశాను. కరిగినదాన్ని గోనెసంచిలో చుట్టి మూలన పడేశాను. రెండు చుక్కానులూ పక్కపక్కన పెట్టి దూరం నుంచి చూస్తే కవలల్లా ఉన్నాయి. దగ్గర్నుంచి నేను చూడలేదు.

మామూ వచ్చాడు. రెండోదాన్ని చూసి, "ముట్టుకోవద్దన్నానుగా" అన్నాడు.

"పని త్వరగా అవుతుందని."

ఆయన కళ్లు మూసుకుని మొదటిదాని మీద అరచెయ్యి నడిపాడు. చెయ్యి ఈ చివర్నుంచి ఆ చివరికి జారిపోయింది. రెండోదాని మీద నడిపాడు. చెయ్యి మూడుచోట్ల ఆగింది.

"రఫీ, దీని లోపల ఎవరున్నార్రా?"

నేను తేలు కుట్టిన దొంగలా రంగు డబ్బా మూత బిగించడం మొదలుపెట్టాను.

"నేను చెక్కింది కాదు ఇది. లోపల ఎవరు?"

"శ్రీనన్న వాళ్ల పెళ్లి థర్మోకోల్" అన్నాను. ఆ తర్వాత మొత్తం చెప్పేశాను.

ఆయన అంతా విన్నాడు. చివరికి అడిగాడు.

"చుక్క వేశావా?"

"లేదు."

"టీ తాగావా?"

"తాగాను."

"పోన్లే, సగం పద్ధతైనా పాటించావు."

నవ్వొచ్చింది నాకు. ఆయన కూడా నవ్వుతాడనుకుని మొహం చూశాను. నవ్వడం లేదు. గోనెసంచి తెమ్మన్నాడు. ఆ వంకర అట్టను ఒళ్లో పెట్టుకుని వణికే వేళ్లతో తడిమి, "ఈ వంపు దగ్గర నాలుగు రోజులు పట్టిందిరా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నేను అలవాటు పడ్డవాణ్ణి.

"మళ్లీ ఫోమ్ తెప్పిద్దాం మామూ," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"చేతులు కూడా తెప్పిస్తావా?"

మర్నాటి నుంచి నా చుక్కానిని నాచేతే మళ్లీ రుద్దించాడు. తను కుర్చీలో కూర్చుని, నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టేవాడు. ఆయన చెయ్యి వణికితే నాది వణికేది, నా చెయ్యి నడిస్తే ఆయన వణుకు ఆగేది. పదకొండు రోజులు అలా చేశాం. మూడు ఎత్తుల్లో రెండు పోయాయి. మూడోది పోలేదు. "ఉండనీ, ఇది నీ సంతకం" అన్నాడు.

పడవ నీళ్లలో దిగేలోపే మామూ పోయాడు. వానాకాలంలో, జ్వరంతో. చుక్కాని నీళ్లలో ఎలా ఉంటుందో చూడాలని ఎంతో అనుకున్నాడు. నా తొందర వల్ల పోలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆయన ఆఖరి పనిలో సగాన్ని కరిగించింది నేనే. ఆ మాట ఎవరు కాదన్నా నా లోపల ఒకడు ఒప్పుకోడు.

చలికాలంలో కోటేశ్వరరావు గారు నన్ను విజయవాడకు పిలిచి, కృష్ణలో, బ్యారేజీకి ఎగువన, పడవ ఎక్కించారు. మామూ చుక్కానిని కుడివైపు, నాదాన్ని ఎడమవైపు బిగించారు, ఏది ఎవరిదో నేనే చెప్పాను. ఒడ్డు వదిలాక పడవ కుడికి ఒరిగింది. చుక్కాని కర్ర నా చేతికిచ్చారు. అది చేతిలో ఉన్నట్టే లేదు.

"ఇప్పుడు నడుపుతున్నది మీ మామూ," అన్నారు.

కాసేపటికి పడవ తిప్పారు. ఎడమకి ఒరిగింది. కర్ర నా అరచేతిలో సన్నగా వణకడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు నువ్వు. గట్టిగా పట్టుకో," అని నవ్వారు. "ఎక్కడో చిన్న ఎత్తు ఉండిపోయిందయ్యా. అందుకే ఆ వణుకు. ఒకరోజు పని, సరిచేస్తావా?"

నేను కర్ర వదల్లేదు. ఆ వణుకు నాకు తెలుసు. పదకొండు రోజులు నా చెయ్యి మీద ఉన్నదే.

"వద్దు సార్," అన్నాను. "అది మా ఇంటిదే, ఉండనివ్వండి."

ఆయన నా మొహం చూసి, తెరచాప తాళ్ల వైపు తిరిగిపోయారు. కళ్లలో నీళ్లు పడ్డాయని చెప్పాను. కృష్ణ మీద ఆ రోజు గాలి కూడా ఉంది కాబట్టి అబద్ధమని ఎవరూ అనలేరు.

కాబట్టి పాఠకులారా, తెల్ల డబ్బా సాక్షిగా, షెడ్డు గోడకు వేలాడుతున్న ఆ కరిగిన చుక్కాని సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. చుక్క వేయకుండా, టీ తాగకుండా, ఈ జన్మలో దేని మీదా రెజిన్ పోయను. మాకు టీ తెచ్చే అబ్బులు మాత్రం, మామూ ఉన్నప్పటిలాగే, ఇప్పటికీ రెండు గ్లాసులు పెట్టి పోతున్నాడు. నేను వద్దనలేదు. చుక్క ఆరేవరకు ఒకటి తాగుతాను. రెండోది చల్లారాక, అది కూడా నేనే తాగుతాను.