ప్లూటోకీ నాకూ ఒకటే తీర్పు

ఈ గ్రహాల గొడవ నాకు మొదట చెప్పింది వెంకటరత్నం మేష్టారు. బందరులో సైన్సు చెప్పి రిటైరయ్యారు, సాయంత్రం మా గిలకలదిండి టీ కొట్టుకి వస్తుంటారు. ఆయన మాట్లాడకుండా టీ తాగి వెళ్ళిపోయుంటే, మొన్న ఆదివారం నేను వీధి మధ్యలో బోర్లా పడేవాణ్ణి కాదు!

ముందు మా పద్ధతి చెప్పాలి. మా వీధిలో పెళ్ళి మాటలైతే మొదటి తాంబూలం వీధి పెద్దకి. పోయినసారి అది మా బావ కోటయ్యకి ఇచ్చారు. నాకు రెండోది. నేను మర్చిపోలేదు. ఆదివారం చివరింటి అమ్మాయిని ఖాయం చేసుకోడానికి నాగాయలంక వాళ్ళు వస్తున్నారు. ఈసారి ఆ పళ్ళెం నా ముందుకే రావాలి.

టీ కొట్టులో కోటయ్యతో ఆ సంగతే తేల్చుకుంటుంటే మేష్టారు నవ్వారు.

"ఎవరు పెద్దో తేల్చడం అంత తేలిక కాదండీ. ప్లూటోనే గ్రహాల్లోంచి తీసేశారు."

"ఎవరు తీసేశారు?"

"ఖగోళ శాస్త్రజ్ఞులు. మీటింగు పెట్టి చేతులెత్తారు. గ్రహమంటే సూర్యుడి చుట్టూ తిరగాలి. తన బరువుకి తనే గుండ్రంగా అయ్యుండాలి. తను తిరిగే దారిలో వేరే రాళ్ళూరప్పలూ లేకుండా ఊడ్చేసుకోవాలి. ప్లూటో ఆ ఆఖరిదాంట్లో తప్పింది."

న్యాయంగానే ఉందే అనిపించింది. తిరగడమా? హార్బరు చుట్టూ నాకంటే ఎవడు తిరుగుతాడు! గుండ్రమా? నా పొట్ట చూడండి, ఎవరూ గాలి కొట్టలేదు. ఇక మిగిలింది దారి.

"కోటయ్యా! ఆదివారం పెళ్ళివారు రాకముందే వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తాను. ఏదడ్డమున్నా తాంబూలం నీకే!"

"సరే బావా," అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆదివారం ఇస్త్రీ పంచె కట్టాను. మా ఆవిడ గుమ్మంలోంచి, "ఆ తల కాస్త దించి, కింద చూసుకుని నడువు," అంది. గ్రహాలు కింద చూసుకుంటాయా?

మొదట బాగానే ఉంది. కుక్క లేచి పక్కకి పోయింది. చూడ్డానికొచ్చి అరుగు మీద కూచున్న మేష్టారి వైపు ఓసారి చూశాను కూడా. తర్వాత మా వీధి పిల్ల నాగమణి, చాప మీద ఎండేసిన మెత్తళ్ళ చేపలూ అడ్డమొచ్చాయి.

"దారి తియ్యవే!"

"చాలు మావయ్యా, నువ్వే పక్కనుంచి వెళ్ళు. నా చేపల మీద కాలు పడిందో, ఊరుకోను!"

పెద్దమనిషిని, ఆడపిల్లతో తగువేంటని పక్కకి జరిగాను. ఆ పక్కన వల పరిచుంది. తల పైకే ఉంది కదా! బొటనవేలు దూరింది. దాన్ని విడిపించబోయి రెండో కాలూ చిక్కుకుంది. ఇస్త్రీ పంచెతో సహా బోర్లా పడ్డాను. సరిగ్గా అప్పుడే నాగాయలంక వాళ్ళ ఆటో వచ్చి ఆగింది.

"ఎవరండీ ఈయన?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

కోటయ్య నా కాలికి వల విప్పుతూ, "మా వీధి గ్రహమండీ. ఇప్పుడే తీసేశాం," అన్నాడు.

తాంబూలం కోటయ్యకే ఇచ్చారు. మేష్టారు నన్ను ఓదార్చారు: "ప్లూటోని పూర్తిగా తోసెయ్యలేదండీ, మరుగుజ్జు గ్రహం అన్నారు." అది విన్న దగ్గర్నుంచీ వీధంతా నన్ను ప్లూటో మావయ్య అంటోంది.

కానీ ఒక సంగతి. ఆ వల కోటయ్యదే. శనివారం దాకా వాళ్ళ అరుగు మీదే ఉంది.

సంతకం దాటి రాయడం నాకు కష్టం. అయినా కూడబలుక్కుని ఇంత రాశాను. ఆ చేతులెత్తినవాళ్ళు మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. ప్లూటో దారిలో ఆ రాళ్ళు ఎవరు పరిచారో విచారించి, దాని పేరు మళ్ళీ గ్రహాల్లో రాయమనండి. పైన అది సరిదిద్దితే, కింద నా తాంబూలం సంగతి నేను చూసుకుంటాను.